పెద్దకొడుకు సంతకం ఒక్కటే చాలదు

ప్రశ్న: నేను గవర్నమెంటు స్కూల్లో టీచర్‌ని. మా వారిది ప్రైవేటు ఉద్యోగం. చాలా ఏళ్లుగా అద్దె ఇంట్లోనే ఉంటున్నాం. ఈ మధ్య మియాపూర్‌లో ఒక సెకండ్ హ్యాండ్ ఫ్లాట్ నచ్చింది. 2014లో కట్టిన అపార్ట్‌మెంట్, మొదటి అంతస్తు, ధర 68 లక్షలు. సేల్ డీడ్ ఆ ఫ్లాట్ ఇంటాయన, అంటే దాని ఓనరు ఒక్కరి పేరు మీదే ఉంది. ఆయన సొంత జీతంతో కొన్నారు. 2022లో చనిపోయారు. ఇప్పుడు ఆయన భార్య, పెద్దకొడుకు కలిసి అమ్ముతున్నారు. కూతురు అమెరికాలో ఉంటుంది. చిన్నకొడుకు 2021లో కరోనాతో పోయారట. ఆయన భార్య, తొమ్మిదేళ్ల బాబు ఖమ్మంలో ఆమె పుట్టింట్లో ఉంటున్నారు. వీలునామా ఏమీ లేదట. "ఇంటి పన్ను, కరెంటు బిల్లు పెద్దకొడుకు పేరు మీదకి మారిపోయాయి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లీన్‌గా ఉంది, కూతురికి పెళ్లప్పుడే బంగారం, ప్లాటు ఇచ్చేశారు, ఆమె అభ్యంతరం లేదని వాట్సాప్‌లో మెసేజ్ కూడా పెట్టింది" అంటున్నాడు ఏజెంటు. ఆదివారం లోపు 5 లక్షలు టోకెన్ ఇస్తే 100 రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంట్ రాసిస్తారట. మొత్తంలో 18 లక్షలు క్యాష్ అడుగుతున్నారు. ఒరిజినల్ కాగితాలు లాకర్‌లో ఉన్నాయని జిరాక్సులే చూపించారు. ఇంకో విషయం. మా నాన్నగారు నాకు రిజిస్టర్ చేసిచ్చిన ప్లాటు ఒకటి వరంగల్‌లో ఉంది. దాన్ని అమ్మి ఇందులో పెట్టాలనుకుంటున్నాం. దాన్ని కొనేవాళ్లు ముందే జీపీఏ, అంటే నా తరఫున వ్యవహారం నడిపే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, చేసివ్వమంటున్నారు. ఆదివారం దగ్గర పడుతుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆదివారం ఆ 5 లక్షలు ఇవ్వకండి. ఫ్లాట్ మంచిదే అయి ఉండొచ్చు, అమ్మేవాళ్లూ మంచివాళ్లే కావచ్చు. కానీ మీకు అమ్ముతామంటున్న ఇద్దరి చేతిలో ఉన్నది సగం ఫ్లాటే.

మీరు రాసిన వివరాలను బట్టి ఆ కుటుంబం హిందువులని అనుకుని చెబుతున్నాను. క్రైస్తవులైతే, ముస్లింలైతే వారసత్వ లెక్క వేరు. ఆ ఫ్లాట్ ఇంటాయన స్వార్జితం. వీలునామా రాయకుండా పోయారు కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, బతికున్న కొడుక్కి, కూతురికి తలా ఒక వాటా. తండ్రికంటే ముందే పోయిన చిన్నకొడుకు తరఫున ఇంకో వాటా ఉంటుంది. దాన్ని ఆయన భార్య, బాబు సమానంగా పంచుకుంటారు. మీ 68 లక్షల లెక్కలో అయితే తల్లికి 17, పెద్దకొడుక్కి 17, కూతురికి 17, చిన్నకోడలికి 8.5, ఆ పిల్లవాడికి 8.5 లక్షలు. సంతకం పెడతామంటున్న ఇద్దరివీ కలిపితే 34 లక్షలు. మిగతా 34 లక్షల వాటాదారులు సీన్‌లోనే లేరు. ఇంకొక్కరి గురించి కూడా అడగండి: ఇంటాయన తల్లి 2022 నాటికి బతికి ఉన్నారా? ఉంటే ఆమెకూ సమాన వాటా వస్తుంది, అప్పుడు నాలుగు వాటాలు కాస్తా ఐదవుతాయి. ఈ ప్రశ్న ఏజెంట్లు అడగరు, డాక్యుమెంట్ రైటర్లు చాలామంది అడగరు.

ఇద్దరి మరణ ధ్రువపత్రాలూ చేతికి తీసుకుని తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరు ముందు పోయారన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. తండ్రి తర్వాత కొడుకు పోయి ఉంటే, కొడుక్కి అప్పటికే వచ్చేసిన ఆ 17 లక్షల వాటా అతని భార్య, బిడ్డ, తల్లి ముగ్గురికీ సమానంగా వెళ్తుంది. సంతకాలు పెట్టాల్సినవాళ్లు వాళ్లే అయినా, ఎవరి పేర చెక్కు ఎంతకు రాయాలి, కోర్టుకు (బాబు విషయంలో కోర్టు ఎందుకో కింద చెబుతాను) బాబు వాటా ఎంతని చెప్పాలి అన్నవి మారిపోతాయి. వీటితోపాటు మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా అడగండి. అది హక్కు పత్రం కాదు గానీ కుటుంబంలో ఎవరెవరున్నారో అందులో పేర్లతో సహా ఉంటుంది.

ఇప్పుడు ఏజెంటు మాటలు చూద్దాం. ఇంటి పన్ను, కరెంటు బిల్లు మీద పేరు మారడం కేవలం పన్ను ఎవరు కట్టాలి, బిల్లు ఎవరికి పంపాలి అన్నదానికోసం. ఇలా పేరు మార్చడంతో, అంటే మ్యుటేషన్‌తో, హక్కు రాదని సుప్రీంకోర్టు ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. ఈసీ క్లీన్‌గా ఉందన్నది నిజమే అయ్యుంటుంది. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. మనిషి చనిపోతే ఆస్తి వారసులకు దక్కడం రిజిస్టర్ అయ్యే వ్యవహారం కాదు. అందుకే ఆ ఈసీలో చివరి ఎంట్రీ ఇప్పటికీ ఆయన కొనుక్కున్న సేల్ డీడే ఉంటుంది. ఆయన వెనక ఐదుగురు వారసులున్నారని ఈసీ మీకు చెప్పదు.

కూతురికి పెళ్లప్పుడే ఇచ్చేశామనే మాట మన ఇళ్లలో ఎంత తరచుగా వింటామో మీకూ తెలుసు. కట్నంగానో, పసుపు కుంకుమల కిందనో ఎంత పెట్టినా, తండ్రి స్వార్జితంలో కూతురి వాటా దానివల్ల చెల్లిపోదు. "ఆడపిల్లలకు హక్కు వచ్చింది 2005 తర్వాతే కదా" అని కొందరు చదువుకున్నవాళ్లు కూడా వాదిస్తారు. 2005 సవరణ ప్రధానంగా పిత్రార్జితం గురించి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వచ్చే హక్కు గురించి. వీలునామా లేకుండా పోయిన తండ్రి స్వార్జితంలో కూతురికి సమాన వాటా 1956 నుంచే ఉంది. ఆమెకు నిజంగానే వద్దనుకుంటే రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ ద్వారా తన వాటా వదులుకోవాలి, లేదా సేల్ డీడ్‌లో అమ్మకందారుగా సంతకం చేయాలి. వాట్సాప్ మెసేజ్‌తో స్థిరాస్తి మీద హక్కు చేతులు మారదు.

ఆమె ఇండియాకు రానక్కర్లేదు. అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ, నోటరీ చేయించి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) వేయించి గానీ పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు. ఈ ఫ్లాట్ నంబరు, ఈ అమ్మకం, ఇంత ధర అని స్పష్టంగా రాసిన స్పెషల్ పవర్ అయితే మేలు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి వ్యాలిడేట్ చేయించాలి. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున ఆమెతో ఒకసారి వీడియో కాల్ మాట్లాడండి. పవర్ ఇచ్చినవాళ్లు మధ్యలో రద్దు చేసినా, వాళ్లకేమైనా అయినా సాధారణంగా ఆ పవర్‌కు విలువ ఉండదు.

డబ్బు దగ్గర ఇంకో మెలిక ఉంది. ధర 50 లక్షలు దాటింది కాబట్టి ఇండియాలో ఉన్న అమ్మకందారుల వాటాల మీద మీరు 1 శాతం టీడీఎస్ (వాళ్ల డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) కోసి, ఒక్కొక్కరి పాన్ మీద విడివిడిగా కట్టాలి. వాటా 50 లక్షల లోపే కదా అని వదిలేయకూడదు, చూసేది ఫ్లాట్ మొత్తం ధరనే. అమెరికాలో ఉన్న అమ్మాయి వాటాకు ఈ 1 శాతం వర్తించదు. ఎన్నారై అమ్మకందారుకు 50 లక్షల పరిమితి లేదు, రేటు చాలా ఎక్కువ, కట్టే విధానమూ వేరు. ఆమె ఇన్‌కమ్ ట్యాక్స్ శాఖ నుంచి తక్కువ కోతకు సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే తగ్గుతుంది. కోయకుండా ఇచ్చేస్తే నోటీసు ఆమెకు కాదు, మీకు వస్తుంది. ఈ ఒక్క పనికి ఆడిటర్‌ని పెట్టుకోండి. ఆమె నిజంగానే తల్లికి వదిలేయాలనుకుంటే, పైసా తీసుకోకుండా ముందే రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేస్తే ఆమె అమ్మకందారే కాదు, ఈ తలనొప్పీ ఉండదు. దానికి స్టాంపు డ్యూటీ ఎంత పడుతుందో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందుగా కనుక్కోమనండి.

అసలు చిక్కు ఖమ్మంలో ఉన్న పిల్లవాడిది.

మైనర్ పిల్లవాడి స్థిరాస్తిని తల్లయినా సరే కోర్టు అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం చెబుతోంది. తండ్రి లేడు కాబట్టి ఇక్కడ సహజ గార్డియన్ తల్లే. "మేం పెద్దవాళ్లం, మనవడి తరఫున మేమే సంతకం పెడతాం" అని నానమ్మ గానీ, పెదనాన్న గానీ అంటే ఆ సంతకానికి విలువ లేదు. బాబు వాటాను రిలీజ్ డీడ్‌లో వదిలేయడం కూడా కుదరదు, అది కూడా బదిలీ కిందికే వస్తుంది. తల్లి కోర్టు అనుమతి లేకుండా అమ్మేసిందే అనుకోండి, ఆ పిల్లవాడు పెద్దయ్యాక ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. 18 నిండాక మూడేళ్ల గడువు ఉంటుంది. ఇప్పుడు తొమ్మిదేళ్లు. అంటే వాడికి 21 వచ్చేదాకా, ఇంకో పన్నెండేళ్లు ఆ ఫ్లాట్ మీద కత్తి వేలాడుతూనే ఉంటుంది. ఈలోగా మీరు అమ్ముకుందామన్నా తెలివైన కొనుగోలుదారు ఎవరూ ముందుకు రారు.

దారి లేకపోలేదు. ఫ్లాట్ ఏ జిల్లా కోర్టు పరిధిలోకి వస్తే ఆ కోర్టులో బాబు తల్లి అనుమతి పిటిషన్ వేయాలి. అమ్మకం పిల్లవాడి అవసరానికో, వాడికి స్పష్టమైన మేలు కోసమో అని కోర్టును ఒప్పించాలి. వాడి వాటా డబ్బు బ్యాంకులో వాడి పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలని కోర్టులు సాధారణంగా షరతు పెడతాయి. నెలలు పట్టే పని. ఏజెంటుకు నచ్చదు, కానీ ఆ పిల్లవాడికి తండ్రి లేడు, ఉన్నదల్లా ఆ ఎనిమిదిన్నర లక్షలే కావచ్చు. చట్టం అడ్డుపడుతున్నది మిమ్మల్ని ఇబ్బంది పెట్టడానికి కాదు, వాడి కోసం.

చిన్నకోడలి గురించి కూడా ఒక మాట. ఆమె మళ్లీ పెళ్లి చేసుకుందనో, చేసుకోబోతోందనో, అందుకే వాటా లేదనో ఎవరైనా చెబితే నమ్మకండి. మళ్లీ పెళ్లి చేసుకున్న కోడలికి వాటా లేకుండా చేసే పాత నిబంధనను 2005లోనే తీసేశారు. ఆమె పుట్టింట్లో ఉందంటే అత్తింటివాళ్లతో మాటలు ఉన్నాయో లేవో. ఒకసారి నేరుగా ఆమెతో మాట్లాడండి. ఫ్లాట్ అమ్ముతున్న సంగతి ఆమెకు తెలియకపోయినా నేను ఆశ్చర్యపోను.

వీళ్లందరినీ పక్కన పెట్టి మీరు కొనేస్తే ఏమవుతుంది? తల్లీకొడుకుల సగం మాత్రమే మీకు వస్తుంది. మిగతావాళ్లు పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా వేస్తారు. పైగా అది కుటుంబం ఉంటున్న ఇల్లయితే, వాటా కొనుక్కున్న బయటివాళ్లు మిగతావాళ్లతోపాటు లోపల ఉంటామని అడిగే హక్కు కూడా ఉండదని ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. "ఏమైనా వస్తే మేం చూసుకుంటాం, ఇండెమ్నిటీ బాండ్ రాసిస్తాం" అంటారు. ఆ పెద్దకొడుకు దగ్గర ఆ రోజుకు ఆస్తి ఏం మిగిలి ఉందో దాన్ని బట్టే ఆ బాండు విలువ. అదీ మీరు కోర్టుల చుట్టూ తిరిగి వసూలు చేసుకోవాలి.

ఒరిజినల్స్ లాకర్‌లో ఉంటే బయటకు తీసి చూపించడానికి అరగంట పని. చూపించట్లేదంటే ఎక్కడో తాకట్టులో ఉన్నాయేమోనని అనుమానించాల్సిందే. కాగితాలు డిపాజిట్ చేసి అప్పు తీసుకుంటే అది ప్రతిసారీ ఈసీలో కనబడదు. బ్యాంకుల తాకట్ల వివరాలుండే సెర్సాయ్ వెబ్‌సైట్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా వెతుక్కోవచ్చు. లోన్ ఉన్నా ఫర్వాలేదు, బాకీ ఎంతో, దగ్గరున్న కాగితాలేవో బ్యాంకు నుంచి లెటర్ తెప్పించుకుని, మీ చెక్కు నేరుగా ఆ లోన్ ఖాతాకే ఇవ్వండి.

మొదటి అంతస్తు అన్నారు కాబట్టి ఇది తప్పకుండా చూడండి. జీహెచ్‌ఎంసీ పర్మిషన్ ఇచ్చేటప్పుడు, బిల్డర్ ప్లాన్ ప్రకారం కట్టడానికి పూచీగా 10 శాతం కట్టడాన్ని, సాధారణంగా కింది అంతస్తుల్లోనే, కార్పొరేషన్‌కు తాకట్టు పెట్టించుకుంటుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చాకే దాన్ని విడిపిస్తారు. మీరు చూసిన ఫ్లాట్ ఆ 10 శాతంలోది కాదని, లేదా విడుదలైందని కాగితం చూడాలి. ఓసీ చూడండి, శాంక్షన్ ప్లాన్‌లో ఈ ఫ్లాట్ నంబరు ఉందో లేదో, సేల్ డీడ్‌లో అన్‌డివైడెడ్ షేర్, అంటే స్థలంలో ఈ ఫ్లాట్‌కు వచ్చే వాటా, ఎన్ని గజాలో చూడండి. ఆ సర్వే నంబరు నిషేధిత ఆస్తుల జాబితాలో, అంటే 22-ఏ లిస్టులో, లేదని నిర్ధారించుకోండి. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), దాని చుట్టూ ఉండే బఫర్ జోన్ సంగతి, చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక మీకు నేను చెప్పనక్కర్లేదు. అపార్ట్‌మెంట్ సొసైటీ నుంచి మెయింటెనెన్స్ బకాయి లేదన్న లెటర్ చిన్న విషయమే గానీ, మర్చిపోతే కొత్తగా వచ్చినవాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

100 రూపాయల స్టాంపు పేపరు సంగతి. మన దగ్గర 1999 నాటి రాష్ట్ర సవరణతో అమ్మకం అగ్రిమెంట్‌ను కూడా రిజిస్టర్ చేయాల్సిన పత్రాల్లో చేర్చారు. నోటరీ అగ్రిమెంట్లు అయినా నడుస్తూనే ఉన్నాయి, పూర్తిగా పనికిరావని అనను. కానీ రిజిస్టర్ చేస్తే అది ఈసీలో పడుతుంది, వెనకాల ఇంకొకరికి అమ్మే ఆలోచన ఉన్నా జంకుతారు. ఏ అగ్రిమెంట్ అయినా దానితో ఇల్లు మీదైపోదు, రిజిస్టర్డ్ సేల్ డీడ్‌తోనే అవుతుంది. వాళ్లు వెనక్కి తగ్గితే అమలు కోసం దావా వేయడానికి గడువు మూడేళ్లు.

క్యాష్ విషయంలో ఎటూ ఊగకండి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకు పైబడి నగదుగా తీసుకోవడం ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం ప్రకారం నిషేధం, తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. అది వాళ్ల బాధ అనుకోకండి. డీల్ ఆగిపోతే మీరిచ్చిన ఆ 18 లక్షలకు రుజువుండదు. రేపు మీరు అమ్మినప్పుడు కొన్న ధర 50 లక్షలనే లెక్కేసి మీకే పన్ను ఎక్కువ వేస్తారు. బ్యాంకు లోన్ కూడా కాగితం మీద ఉన్న ధర చూసే ఇస్తుంది. లోన్‌కు వెళ్తే బ్యాంకు లాయరు బాబు వాటా దగ్గరే ఫైలు ఆపేస్తాడని నా అంచనా. అలాగని బ్యాంకు లాయరు ఓకే అంటే సరిపోతుందనీ అనుకోవద్దు. ఆయన చూసేది బ్యాంకు ప్రయోజనం. మీ ఫీజు తీసుకుని మీకోసం చూసే లాయరు వేరే ఉండాలి, ఏజెంటు పరిచయం చేసిన ఆయన వద్దు.

ఇక మీ వరంగల్ ప్లాటు. పూర్తి డబ్బు ఖాతాలో పడకుండా జీపీఏ ఇవ్వకండి, ఒరిజినల్స్ కూడా ఇవ్వకండి. జీపీఏతో అమ్మకం పూర్తయినట్టు కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా కొనేవాళ్లు అడుగుతారు, ఎందుకంటే మీ దగ్గర జీపీఏ తీసుకుని నేరుగా మూడో మనిషికి అమ్ముకుంటే మధ్యలో తమ పేర రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుంది. ఆ మూడో మనిషితో గొడవ వస్తే అమ్మకందారుగా కోర్టుకెక్కేది మీరే. అగ్రిమెంట్ రాసుకోండి, మిగతా డబ్బు డీడీ రూపంలో తీసుకుని నేరుగా సేల్ డీడ్ చేసివ్వండి. ప్లాటు నాన్నగారు మీకే రిజిస్టర్ చేశారు కాబట్టి అది పూర్తిగా మీదే. మీ వారి సంతకం చట్టప్రకారం అక్కర్లేదు. వాళ్లు సాక్షిగా పెట్టమంటే పెట్టనివ్వండి, నష్టం లేదు.

ప్లాటు అమ్మిన లాభం మీద పన్ను పడుతుందని ఏజెంటు భయపెట్టి తొందరపెడుతుంటే ఇది తెలుసుకోండి. దీర్ఘకాలంగా ఉన్న ప్లాటు అమ్మి ఆ డబ్బుతో ఇల్లు కొంటే మినహాయింపు ఉంది, కొనడానికి అమ్మిన రోజు నుంచి రెండేళ్ల టైమ్ ఉంటుంది. లాభం ఒక్కటే కాదు, అమ్మిన మొత్తం పెడితేనే పూర్తి మినహాయింపు. మీ పేర ఇంకో ఇల్లు లేదు కాబట్టి ఆ షరతుతో మీకు ఇబ్బంది లేదు. మినహాయింపు మీదే కాబట్టి కొత్త ఇంటి రిజిస్ట్రేషన్‌లో మీ పేరు ఉండాలి. రిటర్న్ వేసే గడువులోపు కొనకపోతే డబ్బును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి ఉంచాలి.

ఆదివారం ఏజెంటుకు ఇలా చెప్పండి: అందరు వారసులూ సంతకం పెట్టే అగ్రిమెంట్ అయితే, 50 వేలు చెక్కు ఇస్తాం. ఆరు నెలల్లో బాబు వాటాకు కోర్టు అనుమతి రాకపోయినా, ఒరిజినల్స్ చూపించకపోయినా, టైటిల్ విషయంలో మా లాయరు కాదన్నా ఆ 50 వేలు పూర్తిగా వాపసు అని అందులో రాయాలి. బాబు వాటా అమ్మకం కోర్టు అనుమతికి లోబడేనని కూడా ఉండాలి. ఒప్పుకుంటే ఆగండి, ఆ ఫ్లాట్ కోసం ఆరు నెలలు ఆగొచ్చు. "వేరే పార్టీ రెడీగా ఉంది" అంటే ఆ పార్టీకే ఇచ్చేయమనండి. మియాపూర్‌లో ఫ్లాట్లకు కరువేం లేదు.